ఒకే బిడ్డలో రెండు మూడు ఇబ్బందులు ఉన్నప్పుడు చదువు నడిపించడం ఎలా

పాఠం మొదలైన ఐదు నిమిషాలకే లేచి తిరుగుతాడు, పక్కవాళ్లను గిల్లుతాడు, గద్దిస్తే పుస్తకం విసిరేస్తాడు. ఇలాంటి పిల్లవాడికి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అన్న పేరు త్వరగానే పడుతుంది. ఆ పేరు సరైనదే కావచ్చు. కానీ వాడు లేచేది చదివే పాఠం దగ్గరేనా, లెక్కల దగ్గర కూడానా అని ఎవరూ గమనించకపోతే, వెనకాల ఉన్న డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఉండే ఇబ్బంది, ఏళ్ల తరబడి బయటపడదు. అల్లరి అందరికీ కనిపిస్తుంది. అక్షరం దగ్గర పడే కష్టం వాడొక్కడికే తెలుసు, దాన్ని మాటల్లో చెప్పడం వాడికి రాదు.

నాడీ వికాసానికి సంబంధించిన ఇబ్బందులు ఒంటరిగా రావడం తక్కువ. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి చేతిరాత, ఆటలు, బొత్తాలు పెట్టుకోవడం లాంటి పనుల్లో సమన్వయం కుదరదు. దాన్ని డీసీడీ అంటారు. చదవడంలో ఇబ్బంది, ఆందోళన, ఎదురుతిరిగే ధోరణి కూడా ఏడీహెచ్‌డీతో తరచుగా కలిసి ఉంటాయి. టిక్స్, అంటే తన ప్రమేయం లేకుండా వచ్చే కదలికలు, శబ్దాలు, ఉండే టూరెట్ అనే ఇబ్బంది ఉన్నవారిలో సగం మందికి పైగా ఏడీహెచ్‌డీ ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లల సంగతి ఇంకో రకం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే డీఎస్ఎం అనే రోగ నిర్ధారణ గ్రంథం నాలుగో కూర్పు ప్రకారం, ఆటిజం అని రాసిన చోట ఏడీహెచ్‌డీ అని కూడా రాయకూడదని ఉండేది. 2013లో వచ్చిన ఐదో కూర్పు ఆ అడ్డు తీసేసింది. 2010లో స్వీడన్ వైద్యుడు క్రిస్టఫర్ గిల్‌బర్గ్ ఇంకాస్త ముందుకు వెళ్లి, చిన్న వయసులో ఏ ఒక్క ఇబ్బందితో వచ్చినా మిగతావన్నీ కూడా పరీక్షించాలని వాదించారు. బడిలో పనిచేసేవాళ్లకు ఈ మాట ఎంతో విలువైనది. రిపోర్టులో ఉన్న ఒక్క పేరుకే సాయం చేస్తే మిగిలిన ఇబ్బంది ఆ సాయాన్ని మింగేస్తుంది.

ముందు శరీరం సంగతి తేల్చుకోండి

వెనక నుంచి పిలిస్తే పలికాడు కాబట్టి చెవులు బాగున్నాయని అనుకోవద్దు. మధ్య చెవిలో నీరు చేరితే వినికిడి ఒక వారం బాగుండి, మరో వారం తగ్గుతుంది. మెల్లని హల్లులు జారిపోతాయి, తరగతి గోలలో సగం మాటలు అందవు. ఆడియాలజిస్టు దగ్గర పూర్తి వినికిడి పరీక్ష చేయించండి. కంటి పరీక్షలో దూరపు చూపుతోపాటు దగ్గరి చూపు కూడా చూడమని అడగండి.

మాట మధ్యలో ఆగిపోయి, కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ పనిలో పడుతున్నాడా? పగటి కలలైతే భుజం తట్టగానే ఈ లోకంలోకి వస్తాడు. తట్టినా స్పందన లేకపోతే, అది రోజులో చాలాసార్లు జరుగుతుంటే, ఆబ్సెన్స్ రకం మూర్ఛ కావచ్చు. పిల్లల న్యూరాలజిస్టుకు చూపించి ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీయించాలి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి, డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది.

నిద్ర కూడా లెక్కపెట్టండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి. గురక పెడుతూ, నోటితో గాలి పీలుస్తూ పడుకునే బిడ్డకు ఎన్ని గంటలు పడుకున్నా నిద్ర చాలదు. మర్నాడు ఆ లోటు మగతగా కాక గెంతులాటగా, చిరాకుగా బయటపడుతుంది. అది చూసి ఏడీహెచ్‌డీ అనుకోవడం సులువు. రక్తహీనత పరీక్ష కూడా ఈ దశలోనే చేయించడం మంచిది.

ఏది ఎక్కడ అడ్డుపడుతోందో విడదీయండి

కింద చెప్పేవి రోగ నిర్ధారణ పరీక్షలు కావు. ఏ నిపుణుడి దగ్గరికి ముందు వెళ్లాలో, ఏం అడగాలో తెలియడానికి ఇంట్లోనూ బడిలోనూ చేసి చూడగలిగినవి.

బిడ్డ వయసుకు తగిన ఒక పేజీ తీసుకుని మీరే చదివి వినిపించి ప్రశ్నలు అడగండి. అదే స్థాయిలో ఉన్న ఇంకో పేజీని బిడ్డతో చదివించి ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు చెప్పగలిగి, తాను చదివినప్పుడు చెప్పలేకపోతే అడ్డంకి అక్షరాలను ధ్వనులుగా మార్చుకోవడంలో ఉంది. తెలుగులో అది గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర తడబాటుగా, ముఖ్యంగా వేగం లేకపోవడంగా కనిపిస్తుంది. తప్పులు తక్కువగా ఉన్నా ఒక్కో పదం కూడబలుక్కుంటుంటే దాన్నీ ఇబ్బందిగానే లెక్కపెట్టాలి. వినిపించినా అర్థం కాకపోతే భాష వైపు చూడాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కడికే చెబితే అర్థమై, తరగతిలో అర్థం కాకపోతే శ్రద్ధ, శబ్దం, వినికిడి అనే మూడింటినీ అనుమానించాలి.

రాత సంగతి. నోటితో చక్కగా చెప్పి కాగితం మీద రెండు ముక్కలతో ఆపేసే బిడ్డను, రాయాల్సిన పదాల్లోని అక్షరాలను నోటితో చెప్పమనండి. నోటితో సరిగ్గా చెప్పి చేత్తో రాయలేకపోతే ఇబ్బంది చేతిలో ఉంది, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రాత, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు చేయడంలో సాయపడే నిపుణుడు) చూడాలి. నోటితోనూ తప్పే వస్తే అది చదువు ఇబ్బందికి తోబుట్టువు, స్పెషల్ ఎడ్యుకేటర్ చూడాలి. రెండూ ఉండే పిల్లలు చాలామంది.

భాషా వికాసంలోని ఇబ్బందిని ఎక్కువగా మనం మొండితనం కింద జమ కడతాం. "పుస్తకం మూసి, సంచిలో పెట్టి, వరసలో నిలబడు" అంటే పిల్లవాడు నిలబడి చూస్తుంటాడు. చివరి ముక్క ఒక్కటే అందిందేమో. ఒక పని చెప్పి చూడండి, తరవాత రెండు, తరవాత మూడు. ఎక్కడ తెగుతుందో రాసుకోండి. మిగతా పిల్లలను చూసి అనుకరిస్తూ నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి ఈ పరీక్ష ఒంటరిగా ఉన్నప్పుడే చేయాలి.

ఇంకో ప్రశ్న: ఇది అన్ని చోట్లా జరుగుతోందా? ఏడీహెచ్‌డీ అనడానికి లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలపాటు, రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల ఉండాలి. ఇంట్లో, ఆటస్థలంలో బాగుండి ఒక్క తరగతిలోనే గొడవ అవుతుంటే ముందు ఆ తరగతిని పరిశీలించండి.

నిశ్శబ్దంగా కూర్చునే పిల్లలను మరిచిపోవద్దు. ముఖ్యంగా ఆడపిల్లలు. కిటికీలోంచి చూస్తూ, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా, మార్కులు తగ్గుతూ పోయే పాప గురించి బడి నుంచి ఫిర్యాదు రాదు. బడిలో రోజంతా బిగపట్టుకుని ఇంటికి రాగానే కుప్పకూలి ఏడ్చే పిల్లలూ అంతే. బడిలో ఏ సమస్యా లేదన్న మాట దగ్గర ఆగిపోకండి.

రెండు వారాలు రాసిపెట్టండి

ప్రవర్తనను మార్చబోయే ముందు అది ఏ పని చేసిపెడుతోందో తెలియాలి. ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. సమయమూ సబ్జెక్టూ, సరిగ్గా అంతకుముందు జరిగింది, బిడ్డ చేసింది, వెంటనే ఆ తరవాత జరిగింది. "అల్లరి చేశాడు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "చదవమని పేరు పిలిచారు, పుస్తకం కింద పడేసి బల్ల కిందికి దూరాడు, 4 నిమిషాలు ఉన్నాడు, టీచర్ తరవాతి వాడిని చదవమన్నారు" అని రాయండి. పది పదిహేను నమోదులు అయ్యేసరికి వరస కనిపిస్తుంది. ఏ గొడవా లేకుండా గడిచిన పీరియడ్లను కూడా రాయండి, ఏం కలిసొచ్చిందో అక్కడే దొరుకుతుంది.

పిల్లల గొడవలకు ఎక్కువగా నాలుగు ప్రయోజనాలు ఉంటాయి. పని తప్పించుకోవడం, ఎవరైనా తనవైపు చూడటం, కావలసింది దక్కడం, శరీరానికి కావలసిన కదలికో స్పర్శో దొరకడం. పైన రాసిన ఉదాహరణలో పిల్లవాడు చదవడం నుంచి తప్పించుకున్నాడు. వాడిని తరగతి బయట నిలబెడితే వాడు కోరుకున్నదే ఇచ్చినట్టు. రేపు ఇంకా త్వరగా బల్ల కిందికి వెళ్తాడు. శిక్ష పెంచేకొద్దీ ప్రవర్తన ముదురుతోందంటే, చాలాసార్లు కారణం ఇదే. ఇక్కడ మందు శిక్షలో లేదు. వాడు చదవగలిగిన పేజీ ఇవ్వడంలో, అందరి ముందూ చదివించకపోవడంలో, "కాస్త ఆగి చేస్తాను" అని అడగడానికి ఒక కార్డు ఇవ్వడంలో ఉంది. కార్డు చూపిస్తే రెండు నిమిషాల విరామం తప్పకుండా దొరకాలి. దొరకదని తెలిసిన రోజు మళ్లీ బల్ల కిందే.

ఒకదానికి మేలు చేసేది ఇంకోదానికి కీడు చేసే చోట్లు

రెండు మూడు ఇబ్బందులున్న బిడ్డతో ప్రణాళికలు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఏడీహెచ్‌డీకి ఒక జాబితా, ఆటిజానికి ఒక జాబితా, డిస్లెక్సియాకు ఒక జాబితా తీసుకొచ్చి మూడూ ఒకే బిడ్డ మీద పెడితే అవి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి.

ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకు చేయాల్సిన పనులు రాసి బల్ల మీద అంటించమంటారు. డిస్లెక్సియా కూడా ఉంటే ఆ జాబితా చదవడమే ఇంకో పని. బొమ్మలతో, మూడు నాలుగు అంశాలకు మించకుండా చేయండి.

ఏడీహెచ్‌డీ కొత్తదనం కోరుతుంది, ఆటిజం మార్పు లేకపోవడం కోరుతుంది. రెండూ ఉన్న బిడ్డకు చట్రాన్ని స్థిరంగా ఉంచి లోపలి సరుకు మార్చండి. పాఠం రోజూ ఒకే వరసలో నడవాలి: ముందు వినడం, తరవాత చేయడం, తరవాత చూపించడం. చేసే పని మాత్రం రెండింటిలో ఒకటి బిడ్డే ఎంచుకోవచ్చు. వరస మార్చాల్సి వస్తే ముందుగా చెప్పండి, బొమ్మల పట్టికలో ఆ గడి బిడ్డ చేతే మార్పించండి.

చెప్పింది వినకపోతే మళ్లీ చెబుతాం, ఇంకాస్త వివరంగా, ఇంకో రకంగా. శ్రద్ధ జారిన బిడ్డకు మళ్లీ చెప్పడం సాయమే. భాషలో ఇబ్బంది ఉన్న బిడ్డకు మాత్రం కొత్త మాటలతో చెప్పిన ప్రతిసారీ మొదటి వాక్యం సగంలో ఉండగానే రెండోది మీద పడుతుంది. పేరు పిలిచి, బిడ్డ పని ఆపాక, చిన్న వాక్యంలో చెప్పి, 5 నుంచి 10 సెకన్లు మౌనంగా ఉండండి. అవసరమైతే అవే మాటలు మళ్లీ చెప్పండి. ఆ మౌనం పెద్దవాళ్లకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా ఆగాలి. ఆటిజం ఉంటే "నా కళ్లలోకి చూడు" అని పట్టుబట్టవద్దు. చూడటానికి పెట్టే శ్రమ వినడానికి మిగలదు.

టైమర్ సంగతీ అంతే. సమయం కంటికి కనిపించడం ఏడీహెచ్‌డీ ఉన్నవారికి మేలు. ఆందోళన ఎక్కువగా ఉన్న బిడ్డ గడియారం తిరుగుతుంటే కలం కదపలేడు. అప్పుడు సమయంతో కాక పని పరిమాణంతో చెప్పండి: "ఈ మూడు లెక్కలు, తరవాత విరామం." టైమర్‌ను విరామానికి మాత్రమే వాడండి.

ముందు బెంచీలో కూర్చోబెట్టడం చాలామంది మొదటి సలహా. టిక్స్ ఉన్న బిడ్డకు అక్కడ వీపు మీద తరగతి మొత్తం చూపు పడుతుంది, టిక్స్ పెరుగుతాయి. ముందు వరసలోనే ఒక పక్కగా, తలుపుకూ ఫ్యానుకూ దూరంగా ఉండే చోటు ఎక్కువమందికి సరిపోతుంది. బిడ్డను అడిగి నిర్ణయించండి. టిక్స్‌ను ఆపుకోమని చెప్పవద్దు. ఆపుకోవడానికే శ్రద్ధంతా ఖర్చవుతుంది, పాఠం పోతుంది.

పరీక్షలో అదనపు సమయం డిస్లెక్సియాకు నిజంగా అవసరం. ఏడీహెచ్‌డీ కూడా ఉంటే మూడు గంటల పరీక్ష ఇంకా సాగినప్పుడు చివరి భాగం వృథా అవుతుంది. ప్రశ్నపత్రాన్ని రెండు మూడు భాగాలుగా ఇచ్చి మధ్యలో ఐదు నిమిషాలు నడవనివ్వండి. విరామాన్ని పరీక్ష సమయంలో కలపకూడదు. ప్రశ్న చదివి వినిపించేవాళ్లో, చెప్పింది రాసేవాళ్లో కావాలంటే పరీక్షకు నెలల ముందే అనుమతి అడగాలి, ఆ పద్ధతిలో ముందుగా సాధన చేయించాలి. రాసేవాళ్లకు జవాబు చెప్పడం వేరే నైపుణ్యం, పరీక్ష రోజున మొదలుపెడితే రాదు.

బహుమతి చుక్కల పట్టిక గురించి గట్టిగానే చెప్పాలి. గోడ మీద, అందరికీ కనిపించేలా పెట్టవద్దు. సంపాదించిన చుక్కను తీసేయవద్దు. ఎదురుతిరిగే ధోరణి ఉన్న బిడ్డకు అది యుద్ధ ప్రకటన, ఆందోళన ఉన్న బిడ్డకు రోజంతా భయం.

రోజువారీ కార్డు

ఇల్లూ బడీ కలిసి నడపగలిగిన సాధనాల్లో ఇది చాలా పనికొచ్చేది. ముందు ఐదు రోజులు ఏమీ మార్చకుండా లెక్కపెట్టండి. ఉదాహరణకు ఒక పీరియడ్‌లో సగటున ఎనిమిదిసార్లు లేస్తున్నాడనుకుందాం. మొదటి లక్ష్యం సున్నా కాదు, ఆరు. మొదట్లో లక్ష్యాలు మూడుకు మించకూడదు, వాటిలో ఒకటైనా చదువుకు సంబంధించినది ఉండాలి. "అల్లరి చేయకూడదు" అని కాక "మొదటి సూచనకే పుస్తకం తెరుస్తాడు" అని చేయాల్సిన పనిగా రాయండి.

ప్రతి పీరియడ్ చివర టీచర్ ఒక గుర్తు పెడతారు, అరనిమిషం పని. కార్డు సాయంత్రం ఇంటికి వస్తుంది, బహుమతి ఆ రోజే దొరుకుతుంది: ఇష్టమైన ఆట, పడుకునే ముందు అదనంగా ఒక కథ. నెలాఖరున సైకిల్ కొనిస్తామనే మాట ఈ పిల్లలకు పనిచేయదు, అంత దూరంలో ఉన్న ఫలితం ఇప్పటి పనిని కదిలించలేదు. ఐదు రోజుల్లో నాలుగు రోజులు లక్ష్యం అందుకుంటే దాన్ని ఇంకాస్త కష్టంగా మార్చండి. రెండు రోజులు కూడా అందకపోతే లక్ష్యం పెద్దది, తప్పు బిడ్డది కాదు.

మొదటి వారం రెండో వారం ప్రవర్తన ముందుకంటే చెడొచ్చు. ఇన్నాళ్లు పనిచేసిన దారి మూసుకుపోయినప్పుడు బిడ్డ దాన్నే ఇంకా గట్టిగా తోస్తాడు. అప్పుడు లొంగిపోతే, ఇంత గట్టిగా తోయాలని నేర్పినట్టే. ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే తప్ప నిలకడగా ఉండండి. బాగుపడిన మొదటి వారానికే కార్డు ఆపేయడం ఇంకో పొరపాటు. కొన్ని వారాలపాటు నిలిచాక, రోజూ ఇచ్చేదాన్ని మెల్లగా వారానికోసారికి తేవాలి.

నేర్పాల్సింది నేర్పాలి

ప్రవర్తన కుదుటపడితే చదువు అదే వస్తుందని ఆశపడతాం. రాదు. చదవలేని బిడ్డ ఇప్పుడు మర్యాదగా కూర్చుని చదవలేకపోతాడు, అంతే తేడా. ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని వరసక్రమంలో, సూటిగా నేర్పే పాఠం వారానికి నాలుగైదు రోజులు, రోజుకు 30 నిమిషాలు, ఒక్కడికో ఇద్దరు ముగ్గురికో జరగాలి. ఏడీహెచ్‌డీ ఉంటే ఆ ముప్పైని మూడు పదులుగా విడగొట్టి మధ్యలో లేచి తిరగనివ్వండి. వారానికోసారి కొత్త పేరా ఇచ్చి ఒక నిమిషంలో సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టి గీత గీయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు గీత కదలకపోతే పాఠం మార్చాలి. తప్పుపోయిన పదాన్ని పదిసార్లు రాయించడం వద్దు. చేతిరాత ఇబ్బంది ఉన్న బిడ్డకు అందులో నొప్పి తప్ప నేర్చుకునేది లేదు.

మందుల విషయం డాక్టరుతోనే తేల్చుకోవాలి, కానీ బడి తెలుసుకోవాల్సింది కొంత ఉంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు శ్రద్ధను పెంచుతాయి, చదవడం నేర్పవు. తక్కువసేపు పనిచేసే రకం ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది, కాబట్టి కష్టమైన పాఠాన్ని ఆ వేళలో పెట్టండి. సాయంత్రం ప్రభావం దిగేటప్పుడు చిరాకు ఎక్కువైతే అప్పుడు హోంవర్క్ మొదలుపెట్టకండి. ఆకలి, నిద్ర, ఎత్తు, బరువు, రక్తపోటు గమనిస్తూ ఉండాలి. ఆటిజం కూడా ఉన్న పిల్లల్లో మేలు కాస్త తక్కువగా, దుష్ప్రభావాలు కాస్త ఎక్కువగా ఉంటాయి కనుక మోతాదును మరింత నెమ్మదిగా పెంచుతారు. 1999లో ఫలితాలు వెలువడిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం 579 మంది పిల్లల మీద జరిగింది. ఏడీహెచ్‌డీతోపాటు ఆందోళన కూడా ఉన్న పిల్లలకు ప్రవర్తనా చికిత్స మిగతావారికంటే బాగా పనిచేసిందని అందులో తేలింది. ఆందోళన ఉందో లేదో ముందే తెలుసుకోవడం ఇందుకే అవసరం.

హోంవర్క్‌లో లెక్కల సంఖ్య సగానికి తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. పద్ధతి వచ్చిందని చూపడానికి ఇరవై అక్కర్లేదు. ఎంతసేపో ముందే నిర్ణయించుకుని, ఆ సమయం అయ్యాక ఆపేసి, "ఇంతసేపు చేశాడు, ఇక్కడిదాకా వచ్చాడు" అని రాసి పంపండి.

బడితో ఒక పేజీ ఒప్పందం

ఇరవై పేజీల రిపోర్టును తరగతి టీచర్ చదవలేరు, అది వారి తప్పు కాదు. ఒక్క పేజీ తయారుచేయండి. బిడ్డకు బాగా వచ్చినవి రెండు, ఇబ్బంది పడే మూడు సందర్భాలు, ఒక్కో సందర్భంలో చేయాల్సిన పని, చేయకూడని పని, గొడవ ముదిరితే ఎవరిని పిలవాలి. స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, డాక్టరు ఎవరికి వారు లక్ష్యాలు ఇస్తారు. అన్నీ కలిపితే పదిహేను అవుతాయి. ఈ మూడు నెలలకు ఏ రెండు ముఖ్యమో వాళ్లందరినీ అడిగి తేల్చుకోండి. మా ఉద్దేశంలో, బడికి వెళ్లడానికి భయపడటం ఉంటే దానిదే మొదటి స్థానం. తన అవసరాన్ని చెప్పగలగడం రెండోది. చేతిరాత అందం చివరిది. ఆరు వారాలకోసారి కూర్చుని, లెక్కలు చూసి, పనిచేయనిది తీసేయండి.

కొన్నింటికి ఆరు వారాలు ఆగకూడదు. వచ్చిన మాటలు, చేసిన పనులు పోవడం, తనను తాను గాయపరచుకోవడం లేదా చచ్చిపోతానని అనడం, స్పృహ తప్పడం, ఉన్నట్టుండి బడికి పోనని మొరాయించడం. మొదటి మూడింటికి వెంటనే డాక్టరును కలవాలి. చివరిదానికి ముందు, ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొడుతున్నారా అని అడిగి తెలుసుకోవాలి. ఇలాంటి పిల్లలు వేధింపులకు గురయ్యే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. జరిగింది వరసగా చెప్పలేరు కాబట్టి బొమ్మలు గీయించి, బడి గదుల ఫొటోలు చూపించి అడగండి.

తరగతి మారేటప్పుడు పాత టీచర్ నోటిమాటగా కూడగట్టుకున్న తెలివంతా పోతుంది. సెలవులకు ముందే ఆ ఒక్క పేజీని పాత టీచర్ చేతే సరిదిద్దించి కొత్త టీచర్‌కు అందేలా చూడండి. బడి తెరిచే ముందు బిడ్డను ఖాళీ తరగతి గదికి ఒకసారి తీసుకెళ్లి, కూర్చోబోయే చోటు, మరుగుదొడ్డి దారి, విరామం అడిగే కార్డు ఎక్కడ ఉంటుందో చూపించండి.